వజ్రపాణిని గుర్తుపట్టడం ఎలా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బుద్ధుడి పక్కన వజ్రాయుధం పట్టుకుని నిలబడే రక్షక బోధిసత్త్వుడు వజ్రపాణి గురించి వచ్చిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట ఇస్తున్నాం. జవాబులన్నిటికీ వర్తించే మాట ఒకటి ముందే చెప్పాలి. బౌద్ధ శిల్పంలో వజ్రం చాలామంది చేతుల్లో ఉంటుంది. అందుకని చేతిలో ఏముందో చూసేకంటే ముందు ఆ మూర్తి ఎవరి పక్కన, ఏ పని మీద నిలబడిందో చూడాలి.

ప్రశ్న: మనకు వజ్రపాణి అంటే ఇంద్రుడే. చండీగఢ్ మ్యూజియంలో గాంధార (నేటి పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ ప్రాంతపు) ఫలకాలు చూశాను. బుద్ధుడి వెనక వజ్రం పట్టుకున్న వ్యక్తిని వజ్రపాణి అని రాశారు. ఆయన ఇంద్రుడేనా, వేరే ఎవరైనానా? (తెనాలి)

వేరే. అయితే మీ సందేహం పదిహేను వందల ఏళ్ల కిందటే వచ్చింది. పాలి భాషలోని బుద్ధ ప్రవచనాల సంకలనం దీఘనికాయంలో అంబట్ఠసుత్తం ఉంది. పోక్ఖరసాతి అనే పండితుడి శిష్యుడు అంబట్ఠుడు బుద్ధుడి ముందే శాక్యులను చులకన చేసి మాట్లాడతాడు. అప్పుడు బుద్ధుడు, నీ వంశానికి మూలపురుషుడు ఎవరని అడుగుతాడు. ఆ మూలపురుషుడు ఒక దాసి కొడుకని తెలిసిన అంబట్ఠుడు నోరు విప్పడు. న్యాయమైన ప్రశ్నను తథాగతుడు (అంటే బుద్ధుడు) మూడోసారి అడిగినా జవాబివ్వని వాడి తల ఏడు ముక్కలవుతుందని బుద్ధుడు హెచ్చరిస్తాడు. సరిగ్గా అప్పుడే వజిరపాణి అనే యక్షుడు మండుతున్న ఇనుప వజ్రంతో అంబట్ఠుడి నెత్తిమీద ఆకాశంలో ప్రత్యక్షమవుతాడు. ఆ యక్షుడు కనిపించేది బుద్ధుడికీ, అంబట్ఠుడికీ మాత్రమే. కుర్రవాడు వణికిపోయి నిజం ఒప్పుకుంటాడు. మజ్ఝిమనికాయంలోని చూళసచ్చకసుత్తంలో వాదానికి వచ్చిన సచ్చకుడి విషయంలోనూ ఇదే జరుగుతుంది. రెండు చోట్లా దెబ్బ పడదు, భయంతోనే పని జరిగిపోతుంది.

ఈ యక్షుణ్ణి శక్రుడిగా, అంటే ఇంద్రుడిగా చెప్పినవాడు 5వ శతాబ్దపు వ్యాఖ్యాత బుద్ధఘోషుడు. మూల సుత్తంలో మాత్రం యక్షుడనే ఉంది. ఉత్తరాది బౌద్ధ సంప్రదాయాలు కూడా ఆయన్ని యక్షుడిగానే తీసుకుని, గుహ్యకాధిపతి (యక్షుల నాయకుడు) అని పిలిచి, తర్వాత బోధిసత్త్వుడి స్థానానికి ఎత్తాయి.

ఇక మీరు చూసిన ఫలకాల సంగతి. గాంధారంలో ఇంద్రుడు అతిథిలా వస్తాడు. తలపాగా, నగలు ఉంటాయి, చేతులు జోడించి ఉంటాడు, చాలాసార్లు రెండోవైపు బ్రహ్మ ఉంటాడు. వజ్రపాణి అతిథి కాదు, అంగరక్షకుడు. సాధారణంగా సిద్ధార్థుడు ఇల్లు విడిచే ఘట్టం నుంచి కనిపించడం మొదలుపెట్టి ఆ తర్వాత భిక్షకైనా, వాదానికైనా, నాగుణ్ణి లొంగదీయడానికైనా బుద్ధుడి భుజం వెనకే ఉంటాడు. ఒక ఫలకంలో గడ్డం, మరోదానిలో నున్నటి కుర్రముఖం, ఇంకోచోట ఒంటిమీద కాస్త గుడ్డ తప్ప ఏమీ లేని మల్లుడి దేహం. ముఖాన్ని బట్టి పట్టుకోబోతే అందుకే దొరకడు. ఆయుధం కూడా మనం పటాల్లో చూసే ముళ్ల వజ్రం కాదు. రెండు చివరలా లావుగా, నడుమ పిడికిలి పట్టేంత సన్నగా ఉండే దిమ్మ. తెలియనివాళ్లు దాన్ని ఎముక అనో, గ్రంథపు చుట్ట అనో అనుకుంటారు.

మహాపరినిర్వాణ ఫలకం దొరికితే మంచం దగ్గర వెతకండి. వజ్రం చేజారిపోయి, నేలమీద కూలబడి, చెయ్యెత్తి ఏడుస్తున్న మనిషి కనిపిస్తాడు. భిక్షువుల్లో కొందరు నిబ్బరంగా కూర్చుని ఉంటే కాపలాదారు మాత్రం నిలదొక్కుకోలేకపోతాడు. గాంధార శిల్పులు ఆయన్ని బాగా మనిషిగా చూశారని మా అభిప్రాయం. కలకత్తా ఇండియన్ మ్యూజియంలోనూ, ఢిల్లీ నేషనల్ మ్యూజియంలోనూ గాంధార శిల్పాల గదులున్నాయి, పోల్చి చూసుకోండి.

ప్రశ్న: వజ్రపాణి గ్రీకు హెర్క్యులిస్ అని చదివాను. అతిశయోక్తా? (హైదరాబాద్)

రూపం వరకు నిజం, కథ వరకు కాదు. అలెగ్జాండర్ తర్వాత వాయవ్య ప్రాంతాన్ని గ్రీకు రాజులు ఏలారు, వాళ్ల నాణేలపై హెరాక్లిస్ (హెర్క్యులిస్ గ్రీకు పేరు) బొమ్మ మామూలే. బలవంతుడైన అంగరక్షకుణ్ణి చెక్కాల్సి వచ్చినప్పుడు శిల్పికి చేతికందిన నమూనా అదే. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక గాంధార ఫలకంలో వజ్రపాణి తలపై సింహం తోలు కప్పుకుని, దాని ముందు పంజాలను గుండెల మీద ముడివేసుకుని ఉంటాడు. అది హెరాక్లిస్ వేషమే. చేతిలో గద ఉండాల్సిన చోట వజ్రం ఉంది. అఫ్గానిస్తాన్‌లో హడ్డా దగ్గరి తపా షోతోర్ విహారంలో ఒక గూటిలో బుద్ధుడి పక్కన హెరాక్లిస్ ముఖంతో కూర్చున్న వజ్రపాణి మట్టి శిల్పం ఉండేది. 1992లో ఆ విహారం ధ్వంసమైంది, ఇప్పుడు మిగిలింది ఫొటోలే.

అన్ని గాంధార వజ్రపాణులూ హెరాక్లిస్‌లే అనుకుంటే మాత్రం పొరపాటు. సింహం తోలు ఉన్నవి కొన్నే.

ప్రశ్న: అజంతా 1వ గుహలో గర్భగుడికి ఎడమన పద్మపాణి, కుడిన వజ్రపాణి అని గైడు చెప్పాడు. ఎంత చూసినా కుడివైపు బొమ్మ చేతిలో వజ్రం కనిపించలేదు. (ఖమ్మం)

మీ కళ్లలో లోపం లేదు. 5వ శతాబ్దం చివర, వాకాటక హరిషేణుడి కాలంలో వేసిన ఆ చిత్రంలో ఎత్తైన కిరీటం, నిండా నగలు ఉన్నాయి కానీ స్పష్టమైన వజ్రం లేదు. పద్మపాణికి జంటగా వజ్రపాణి ఉంటాడన్న తర్వాతి కాలపు అలవాటును బట్టి ఆ పేరు స్థిరపడింది. చాలామంది పండితులు దాన్ని ఒప్పుకోరు. వేరే బోధిసత్త్వుడని వాదిస్తారు. పోస్టుకార్డుల మీద అచ్చయిన పేరు కాబట్టి గైడులు వదలరు.

తిరుగులేని జంటను చూడాలంటే ఒడిశాలో రత్నగిరికి వెళ్లండి. అక్కడి 1వ విహారం గర్భగుడిలో పెద్ద బుద్ధుడికి రెండు వైపులా పద్మపాణి, వజ్రపాణి ఉన్నారు. జావాలో బోరోబుదూర్‌కు దగ్గర్లోని మెందుత్ ఆలయంలో (9వ శతాబ్దం) ఇదే అమరిక ఇంకా భారీగా కనిపిస్తుంది. దాదాపు 3 మీటర్ల బుద్ధుడు కాళ్లు కిందికి వేసుకుని కూర్చుంటే ఇటు లోకేశ్వరుడు (పద్మపాణికే మరో పేరు), అటు వజ్రపాణి. ఈ ముగ్గురూ మూడు కులాలకు, అంటే దేవతా కుటుంబాలకు ప్రతినిధులు: తథాగత కులం, పద్మ కులం, వజ్ర కులం. కరుణ ఒకవైపు, బలం రెండోవైపు. ఆ లెక్క తెలిశాక పద్మపాణిని గుర్తుపడితే చాలు, ఎదురుగా ఎవర్ని వెతకాలో తెలుస్తుంది. అజంతాలో ఆ లెక్క ఇంకా గట్టిపడలేదు కాబట్టే తకరారు.

ఎల్లోరాకు వెళితే మూడంతస్తుల 12వ గుహ, తీన్ తాల్ వదలకండి. అక్కడ గోడ మీద తొమ్మిది గళ్ల ఫలకాలున్నాయి. నడిమి గడిలో బుద్ధుడు, చుట్టూ ఎనిమిది గళ్లలో అష్ట మహాబోధిసత్త్వులు. అందరూ ఒకేలా కూర్చుంటారు. తేడా అంతా చేతిలోని కమలం తొడిమ చివర ఉన్న వస్తువులో ఉంటుంది. ముందు పుస్తకం ఉన్న గడి పట్టుకోండి, ఆయన మంజుశ్రీ. తర్వాత నిలబెట్టిన వజ్రం ఉన్నవాణ్ణి చూడండి. లోపల వెలుతురు తక్కువ, రాయి అరిగింది. టార్చిని ఎదురుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా వేయించి చూస్తే అంచులు తేలతాయి.

ప్రశ్న: కర్ణాటకలోని టిబెటన్ల కాలనీ బైలకుప్పెలో ఒక లోహ విగ్రహం కొన్నాం. చేతిలో వజ్రం ఉంది. అమ్మినాయన వజ్రపాణి అన్నాడు, తెలిసినవాళ్లు వజ్రసత్త్వుడు అంటున్నారు. ఎలా తేల్చుకోవాలి? శుభ్రం చేయడం ఎలా? (బెంగళూరు)

ఇంట్లో ఒక్క విగ్రహమే ఉంది కాబట్టి పక్కన ఎవరున్నారో చూసే వీలు లేదు. రెండు చేతులూ, కాళ్లూ కలిపి చూడండి. కూర్చుని, కుడిచేతి వజ్రం గుండె దగ్గర, ఎడమచేతి గంట తుంటి దగ్గర ఉంటే వజ్రసత్త్వుడు. రెండు చేతులూ గుండె ముందు అడ్డంగా పెనవేసి వజ్రం, గంట పట్టుకుంటే వజ్రధరుడు. ఒక చేత వజ్రం, ఒళ్లోని ఎడమచేత కపాలపాత్ర, భుజానికి ఆనించిన త్రిశూలం లాంటి దండం ఉంటే పద్మసంభవుడు. బైలకుప్పెలో ఎక్కువగా అమ్ముడయ్యేది ఆయనే, ఎందుకంటే అక్కడి నామ్‌డ్రోలింగ్ గుడిలోని మూడు పెద్ద బంగారు విగ్రహాల్లో ఆయన ఒకడు.

నిలబడి, ఒక కాలు వంచి మరొకటి చాచి, కుడిచేత్తో వజ్రాన్ని తలపైకి ఎత్తి, ఎడమచెయ్యి గుండె దగ్గర చూపుడువేలు లేపి బెదిరిస్తుంటే (లేదా పాశం పట్టుకుంటే) అదే ఉగ్ర వజ్రపాణి. మూడు కళ్లు, ఐదు పుర్రెల కిరీటం, నడుముకు పులితోలు, పాముల నగలు, వెనక మంటల వలయం కూడా సరిచూసుకోండి. పైకెత్తిన చేతిలో వజ్రం బదులు కత్తి ఉంటే అచలుడు. జుట్టులోంచి గుర్రం తల పొడుచుకొస్తే హయగ్రీవుడు. గొడ్డలి అంచు లాంటి కర్తరి, కపాలం ఉంటే మహాకాలుడు. ఒక చిక్కు మాత్రం ఉంది. వజ్రం విడిగా పోతపోసి చేతిలో దూర్చేస్తారు కాబట్టి పాత విగ్రహాల్లో అది పడిపోతుంది, ఎవరో దొరికింది పెట్టేస్తారు. పిడికిలి మధ్యలో రంధ్రం సైజుకూ, వస్తువు కాడకూ పొంతన లేకపోతే అనుమానించండి.

శుభ్రం చేసే విషయం. మన ఇళ్లలో ఇత్తడి దేవుణ్ణి చింతపండుతో తోమే అలవాటు ఉంది కదా, ఇక్కడ అది పనికిరాదు. నేపాల్‌లోని పాటన్‌లో చేసే మంచి విగ్రహాలు రాగివి. వాటిమీద పాదరసంతో కలిపి కాల్చి పూసిన బంగారు పూత చాలా పలచన. పులుపు రాగిని తింటుంది, రుద్దుడు పూతను గీకేస్తుంది. ముఖం మీది బంగారం వేరు, అది పొడి బంగారాన్ని జిగురుతో కలిపి పూసింది, కళ్లూ పెదవులూ దానిమీద వేసిన రంగులు. తడిగుడ్డ తగిలితే చాలు లేచిపోతాయి. అందుకని మెత్తటి పొడి బ్రష్షుతో పైనుంచి కిందికి దులపండి. మడతల్లో ధూళి ఉంటే గాలి ఊదే రబ్బరు బుడ్డి వాడండి. ముఖం జోలికి వెళ్లొద్దు. పాలిష్ ద్రవాలు అసలొద్దు, వాటి తెల్లటి మడ్డి నగల సందుల్లో గట్టిపడి మళ్లీ రాదు. అభిషేకాలు, పసుపు కుంకుమ బొట్లు కూడా ఇందులోకే వస్తాయి.

కింద రాగి రేకు బిగించి, దానిమీద అడ్డంగా పెట్టిన రెండు వజ్రాల గుర్తు చెక్కి ఉంటే లోపల మంత్రాల చుట్టలు, ధాన్యం, సుగంధ ద్రవ్యాలు నింపి ప్రతిష్ఠ చేశారని అర్థం. ఆ రేకు విప్పకండి. విప్పితే ప్రతిష్ఠ పోయినట్టే లెక్క, పైగా పాత విగ్రహమైతే దాని వయసు చెప్పే సాక్ష్యం చెదిరిపోతుంది. కొనేటప్పుడు నూరేళ్లు దాటిందని చెబితే సంతోషించే ముందు కాగితాలు అడగండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన శిల్పం పురావస్తువు, దాన్ని దేశం దాటించకూడదు.

ప్రశ్న: థంకా (టిబెటన్ల గుడ్డ పటం) పద్ధతిలో నీలి వజ్రపాణి వేస్తున్నాను. ఒంటి నీలం మచ్చలు మచ్చలుగా వస్తోంది, ఎండాక వేలికి అంటుతోంది. బొమ్మ కూడా ఉగ్రంగా లేదు. (విశాఖపట్నం)

మూడూ వేరు వేరు జబ్బులు. వేలికి అంటుతోందంటే జిగురు చాలలేదు. ఎక్కువైతే మెరుపు వచ్చి, తర్వాత పగుళ్లు తేలతాయి. తోలు జిగురును గోరువెచ్చగా ఉంచుతూ కలపాలి, చల్లారితే పేరుకుపోతుంది, మరిగిస్తే పట్టు పోతుంది. పక్కన గుడ్డముక్క మీద ఒక గీత వేసి ఎండాక వేలితో రుద్ది చూసి, అంటకపోతేనే అసలు బొమ్మ మీదికి వెళ్లండి.

మచ్చలకు కారణం రంగు గింజ. సంప్రదాయంగా వాడేది అజురైట్ అనే రాగి ఖనిజం. దాన్ని ఎంత నూరితే అంత వెలిసిపోతుంది, ముదురు నీలం కావాలంటే గింజ బరకగా ఉండాలి. నూరాక నీళ్లలో కలిపి ఆగితే బరక గింజ ముందు అడుగుకు చేరుతుంది. పైనీళ్లు వేరే గిన్నెలోకి వంచితే అందులో లేత నీలం దిగుతుంది. అడుగుది ఒంటికి, పైది ఆకాశానికి. బరక గింజ గిన్నెలోనూ దిగిపోతుంటుంది కాబట్టి కుంచె ముంచిన ప్రతిసారీ కలియబెట్టాలి. ఒక్క మందపు పూతతో సరిపెట్టకుండా రెండు మూడు పలచటి పూతలు వేయండి, ఒకటి పూర్తిగా ఆరాకే మరొకటి. గుడ్డ మీది సుద్ద పొర సాఫీగా లేకపోయినా మచ్చలే. జిగురు పట్టించి, సుద్ద-జిగురు ముద్దను రెండు వైపులా పలచగా పూసి, కాస్త తడి చేసి నున్నటి రాయితో రుద్దాకే గీయడం మొదలుపెట్టాలి.

ఇక ఉగ్రత. కొలత తప్పింది. శాంత బోధిసత్త్వుడికి సాధారణంగా 120 వేళ్ల (వేలి వెడల్పు కొలత) ఎత్తు, అంటే 12 వేళ్ల ముఖానికి పది ముఖాలు. ఆ కొలతతో ఉగ్ర రూపం గీస్తే కోపంగా ఉన్న రాకుమారుడు వస్తాడు. ఉగ్ర వజ్రపాణికి తల పెద్దది, మెడ దాదాపు లేదు, పొట్ట ముందుకు, కాళ్లూ చేతులూ కురచగా, లావుగా. ముందు బ్రహ్మసూత్రం (నిట్టనిలువు గీత) వేసి దాని రెండు వైపులా బరువు సరితూగేలా కాళ్ల చాపు నిర్ణయించండి. చాచిన కాలు పొట్టిదైతే మూర్తి పడిపోతున్నట్టుంటుంది. నీలం మీద నీడలు నీలిమందుతో తేల్చండి, నల్లటి రంగు పులిమితే మసిలా ఉంటుంది. జుట్టు నారింజ రంగులో పైకి ఎగరాలి. మంటలు ఒకే దిక్కుకు వంగాలి. బంగారం చివర్లో, కళ్లు అన్నిటికన్నా చివర.

ప్రశ్న: నారా గుడి ద్వారం దగ్గర ఇద్దరు భయంకరమైన కాపలాదారులు ఉన్నారు. ఇద్దరూ వజ్రపాణులేనా? (టోక్యో)

ఒక్క వజ్రపాణే చైనా, జపాన్ ద్వారాల దగ్గర ఇద్దరయ్యాడు. నోరు తెరిచినవాడు తొలి అక్షరం 'అ', మూసినవాడు చివరి నాదం. నారాలోని తోదైజి ఆలయ దక్షిణ ద్వారంలో ఉన్న జంటను 1203లో ఉంకెయ్, కైకెయ్‌ల బృందం చెక్కి నిలబెట్టింది. సుమారు 8.4 మీటర్ల ఎత్తు, వేల చెక్కముక్కలు అతికి చేసినవి, పట్టింది 69 రోజులు. మామూలుగా నోరు తెరిచినవాడు మనకు కుడివైపు ఉంటాడు, ఇక్కడ ఎడమవైపు ఉన్నాడు. ఒక్కడుగా ఉన్న పాత రూపం కావాలంటే అదే ఆలయ ప్రాంగణంలోని హొక్కెదోలో 8వ శతాబ్దపు మట్టి విగ్రహం ఉంది. కవచం తొడిగి వజ్రం ఎత్తి ఉంటాడు. ఏడాదికి ఒక్కరోజు, డిసెంబరు 16న మాత్రమే తలుపు తీస్తారు. తక్కినరోజుల్లో చీకట్లో ఉండటం వల్లే రంగులు ఇంకా నిలిచాయి.

ప్రశ్న: వజ్రపాణి శివుణ్ణి తొక్కుతున్న విగ్రహాలున్నాయని విన్నాను. నిజమా? ఎందుకలా? (కరీంనగర్)

నిజమే. తాంత్రిక బౌద్ధంలో ముఖ్యమైన సర్వతథాగతతత్త్వసంగ్రహంలో ఈ కథ ఉంది. మండలంలోకి రమ్మని వజ్రపాణి పిలిస్తే మహేశ్వరుడు, మూడు లోకాలకు ప్రభువును నేను, ఒక యక్షుడి మాట వినడమేమిటని నిరాకరిస్తాడు. గమనించండి, పాత యక్షుడి జన్మ ఇక్కడ ఎత్తిపొడుపుగా తిరిగొచ్చింది. వజ్రపాణి త్రైలోక్యవిజయ రూపంలో మహేశ్వరుణ్ణీ ఉమనూ పాదాల కింద అణుస్తాడు. కథ అక్కడితో ఆగదు. ఆ పాదస్పర్శతోనే మహేశ్వరుడు మరో లోకంలో భస్మేశ్వరనిర్ఘోషుడు అనే బుద్ధుడవుతాడు. ఆనాటి శైవ, బౌద్ధ పోటీ ఇందులో లేదనలేం, శైవులూ తమ కథల్లో ఇలాంటివి రాసుకున్నారు. నాలుగు చేతులతో, ముందు రెండు చేతుల మణికట్లు పెనవేసి నిలబడ్డవాడు భూతడామర వజ్రపాణి. ఆయన కాళ్ల కింద ఉండేది అపరాజితుడు, శివుడు కాదు. మ్యూజియం చీటీల్లో ఈ రెండూ తారుమారవుతుంటాయి.

ప్రశ్న: అమరావతికీ వజ్రపాణికీ సంబంధం ఉందా? మన శిల్పాల్లో ఎక్కడా కనిపించడేం? (గుంటూరు)

గాంధారంలోలాగా ప్రతి ఘట్టంలో బుద్ధుడి వెంట వజ్రపాణిని చెక్కే అలవాటు కృష్ణా తీరంలో లేదు. ఇక్కడి శిల్పులు తొలిదశలో బుద్ధుణ్ణే పాదాలు, సింహాసనం, బోధివృక్షంతో సూచించారు.

సంబంధం తాంత్రిక బౌద్ధంలోని కాలచక్ర సంప్రదాయంలో ఉంది. టిబెటన్లు నమ్మే ప్రకారం శంభల దేశపు రాజు సుచంద్రుడు వచ్చి అడిగితే బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని శ్రీధాన్యకటక స్తూపం దగ్గర ఉపదేశించాడు. ఆ సుచంద్రుడు వజ్రపాణి అవతారం. ధాన్యకటకం అంటే ఇవాళ్టి ధరణికోట, అమరావతి. గ్రంథంగా కాలచక్రం సుమారు 11వ శతాబ్దం మొదట్లో బయటపడింది కాబట్టి దీన్ని చరిత్ర ఘటనగా తీసుకోనక్కర్లేదు. కానీ స్తూపం పేరు అంత దూరం, అంత కాలం నిలిచిందన్నది మాత్రం చరిత్రే. శ్రీలంకలోని గడలాదెణియ శాసనం (1344) ధాన్యకటకంలో ధర్మకీర్తి అనే భిక్షువు రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతుంది. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్షలు ఇవ్వడానికి అమరావతిని ఎంచుకోవడం వెనక ఉన్నది ఈ సుచంద్రుడి కథే.

ప్రశ్న: ఉగ్ర వజ్రపాణి పటం ఇంట్లో పెట్టుకోవచ్చా? మంత్రం ఏమిటి? (రాజమహేంద్రవరం)

పటం పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు. లదాఖ్‌లో ఊరి మొదట్లోనే తెల్లటి, నారింజ, నీలి రంగుల మూడు చైత్యాలు కడతారు. తెలుపు అవలోకితేశ్వరుడిది (పద్మపాణిది), నారింజ మంజుశ్రీది, నీలం వజ్రపాణిది. మంత్రం 'ఓం వజ్రపాణి హూం'. టిబెటన్ల నోట 'వజ్ర' అన్నది 'బెంజ' అని వినిపిస్తుంది, వేరే మంత్రం అనుకోకండి. మండలంతో, ధ్యానంతో కూడిన పూర్తి సాధన చేయాలంటే మాత్రం వజ్రయానంలో (తాంత్రిక బౌద్ధంలో) గురువు దగ్గర అభిషేకం, అంటే దీక్ష తీసుకోవాలి.